జీపు చప్పుడు మారిందా? చెవిపెట్టి వినండి!

కుక్కరు విజిల్ తేడాగా వస్తే గాస్కెట్ చూస్తాం. మిక్సీ గొంతు మారితే జారు కింద బుష్ అరిగిందేమో అనుకుంటాం. వంటింట్లో ఇంత చురుగ్గా ఉండే మన చెవి, వాకిట్లో జీపు దగ్గరికొచ్చేసరికి ‘అది మగవాళ్ల సంగతిలే’ అని ఊరుకుంటుంది. నిజానికి పక్క సీట్లో కూర్చున్న మనకే చప్పుళ్లు బాగా తెలుస్తాయి. నడిపేవారి ధ్యాసంతా రోడ్డు మీదే కదా!

మా హుజూర్‌నగర్ వైపు ఫోర్ వీల్ బండి ఉన్న ఇంట్లో దానికి విశ్రాంతి ఉండదు. ఒకపక్క సాగర్ ఎడమకాలువ కింది పొలాల బురద. మరోపక్క మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు లారీలు తిరిగే దారులు. 1947లో మహీంద్రా వారు మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన నాటినుంచి నేటి ఫోర్ వీల్ థార్ దాకా అసలు కిటుకు ఒక్కటే. ఇంజను బలాన్ని ట్రాన్స్‌ఫర్ కేసు ముందు చక్రాలకూ, వెనక చక్రాలకూ పంచుతుంది. షాఫ్టులు, జాయింట్లు ఎక్కువ కాబట్టి చప్పుడుకు కారణాలూ ఎక్కువే.

ముందు మూడు ప్రశ్నలు

చప్పుడు ఎప్పుడు వస్తోంది? కదిలేటప్పుడా, మలుపులోనా, బ్రేకు తొక్కినప్పుడా? ఎక్కడినుంచి? ముందా, వెనకా, కుడిపక్కా, ఎడమపక్కా? దేనితో మారుతోంది? బండి నిలబడి ఉండగా ఇంజను రేజ్ చేస్తే పెరిగితే అది ఇంజను వైపుది. బండి వేగంతోపాటు పెరిగితే చక్రాలదో, షాఫ్టులదో అయ్యుంటుంది. ఈ మూడూ ఓ కాగితం మీద రాసిపెట్టండి. షెడ్డులో ‘ఏదో శబ్దమండీ’ అంటే అంచనా మీద ఒకదాని తర్వాత ఒకటి సామాన్లు మారుస్తారు. డబ్బు మనది.

లివర్ చూశారా?

పొలం బురదలో ఫోర్ వీల్ వేసి, తారురోడ్డెక్కాక తియ్యడం మర్చిపోతుంటారు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం నడవవు. బురదలో కాస్త జారి సర్దుకుంటాయి, గట్టి రోడ్డు మీద సర్దుకోలేవు. అందుకే బండి బిగుసుకుపోయి కుదుపుతూ కటకటలాడుతుంది. అలాగే నడిపితే గేర్లు, జాయింట్లు దెబ్బతింటాయి. వెంటనే టూ వీల్‌కు మార్చాలి. లివర్ రాకపోతే తిన్నగా కొంచెం వెనక్కి పోనిస్తే వదులవుతుంది.

ఏ చప్పుడుకు ఏ అర్థం?

* స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టక్ టక్: ముందు యాక్సిల్ జాయింటు అరిగి ఉండొచ్చు. చక్రం లోపలివైపు రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూడండి.
* క్లచ్ వదలగానే, రివర్స్ వేయగానే ‘ఠంగ్’: ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ అరిగి ఉండొచ్చు. ఎండిన క్రాస్ కీచుమంటుంది కూడా. గ్రీజు పెట్టే వీలున్న బండికి వేళకు పెట్టించండి.
* వేగంతో పెరిగే ‘హూం’: వంపుల్లో తగ్గుతూ పెరుగుతూ ఉంటే చక్రం బేరింగ్. రోడ్డు మారగానే మారితే టైర్ల శబ్దం. ముతక పళ్ల టైర్లకు అది మామూలే.
* యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఒకలా ఈల: క్రౌన్, పినియన్ చూపించాలి. ముందు ఆయిల్ ఉందో లేదో చూడమనండి.
* కంకర దారి తర్వాత చక్రంలో గరగర: బ్రేకు డిస్కు వెనక రేకులో రాయి ఇరుక్కుని ఉండొచ్చు. నెమ్మదిగా కాస్త వెనక్కి పోనిస్తే ఒక్కోసారి రాలిపోతుంది.

వాగు దాటిన తర్వాత

చక్రాలు మునిగేంత నీళ్లలో దిగిన బండికి ఆయిల్ తనిఖీ తప్పదు. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే నీళ్లు చేరినట్టే. చప్పుడు వచ్చేదాకా ఆగితే గేర్లు, బేరింగులు పాడవుతాయి. ఆయిల్ మార్పుతో పోయేదానికి పెద్ద రిపేరు ఎందుకు?

వీటికి మాత్రం ఆలస్యం వద్దు

బ్రేకు తొక్కితే ఇనుముకు ఇనుము రాసుకున్నట్టుంటే, టైరు మార్చాక చక్రంలో టకటకమంటే, ఇంజనులో సుత్తితో కొట్టినట్టు మోగుతూ ఆయిల్ లైటు వెలిగితే బండి పక్కకు తీసి ఆపించండి. ‘ఊరు చేరాక చూద్దాం’ అని ఎవరన్నా ఒప్పుకోకండి. మట్టపల్లి స్వామి దర్శనం ఓ గంట ఆలస్యమైనా పర్వాలేదు, వెనక సీట్లో మన పిల్లలున్నారు. చక్రం నట్లు బిగించుకోవచ్చు, మిగతా రెండింటికీ మెకానిక్కునే పిలిపించాలి. జాకీ ఒక్కదాని మీద లేపిన బండి కిందికి ఎవర్నీ దూరనివ్వకండి.

షెడ్డుకు వెళ్తే మెకానిక్కును బండిలో ఎక్కించుకుని ఓసారి తిప్పి, ఆ చప్పుడు వినిపించండి. మార్చిన పాత సామాను చూపించమని అడగండి. రిపేరయ్యాక అదే దారిలో, అదే వేగంతో మళ్లీ వెళ్లి వినండి. చప్పుడు పోయిందని మీ చెవి ఒప్పుకున్నాకే డబ్బులు లెక్కపెట్టండి.