ఎముకల మందు ఎవరికి అవసరం?

రుతుక్రమం ఆగిన మహిళల్లో ఎముకలు త్వరగా గుల్లబారతాయి. డెక్సా పరీక్షలో టి-స్కోరు మైనస్‌ 2.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఆస్టియోపొరోసిస్‌గా పరిగణిస్తారు. స్వల్పంగా జారిపడినా తుంటి, వెన్నెముక విరిగిన వారికి స్కోరుతో నిమిత్తం లేకుండా మందు అవసరమని వైద్యులు చెబుతారు. అలాంటి వారికి కాల్షియం మాత్రలొక్కటే చాలవు.

వాడే విధానం: అలెండ్రోనేట్‌ 70 మిల్లీగ్రాముల మాత్రను వారానికోసారి పరగడుపున గ్లాసు నిండా మంచినీటితో మింగాలి. తర్వాత అరగంట వరకు పడుకుంటే అన్నవాహికలో పుండు పడవచ్చు. ఏమైనా తింటే మందు ఒంటబట్టదు.

జాగ్రత్తలు: మూత్రపిండాల పనితీరు, కాల్షియం, డి-విటమిన్‌ స్థాయిలను ముందే పరీక్షించుకోవాలి. పన్ను తీయించుకోవాల్సి ఉంటే వైద్యుడికి చెప్పాలి. దవడ ఎముక దెబ్బతినడం అరుదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారు ఆ భయంతో మందు మానేస్తే, తుంటి విరిగి మంచాన పడే ప్రమాదమే అధికం. సాధారణంగా అయిదేళ్ల తర్వాత కొనసాగించాలా, వద్దా అన్నది వైద్యులు సమీక్షిస్తారు.