తీగముక్క వేసిన మూడు ప్రశ్నలు

పిల్లలూ! మా బడిలో చదివి, ఇప్పుడు మెకానికల్ ఇంజనీరింగు మూడో సంవత్సరంలో ఉన్న అబ్బాయి ఒకడు దసరా సెలవుల్లో మా ఇంటికి వచ్చాడు. ఆ చదువులో పదార్థ బలం, ఉష్ణగతిక శాస్త్రం వంటివి అందరూ చదవాల్సిందే. వాటితోపాటు కొన్ని పాఠ్యాంశాలను విద్యార్థే ఎంచుకోవాలి. వాటిని ఎలక్టివ్‌లు అంటారు.

"మాస్టారూ! తేలిగ్గా మార్కులొచ్చేది తీసుకోమంటున్నారు స్నేహితులు. మార్కులు తగ్గితే నాకు స్కాలర్‌షిప్పు పోతుంది. ఏం చేయమంటారు?" అన్నాడు.

నేను వాడి చేతికి జానెడు ఇనుపతీగ ఇచ్చి లాగి తెంపమన్నాను. తెగలేదు. ఒకేచోట అటూ ఇటూ వంచమన్నాను. కాసేపటికి పుటుక్కున తెగింది. తెగినచోట ముట్టుకుంటే వెచ్చగా ఉంది. మిగిలిన ముక్కను బల్ల అంచున నొక్కిపట్టి మీటితే జిర్రున కంపించింది. మీరూ చేసి చూడండి. తెగిన కొస గుచ్చుకుంటుంది, జాగ్రత్త!

లాగితే తెగనిది వంచితే ఎందుకు తెగింది? వంచిన ప్రతిసారీ లోహంలో సన్నని పగులు కొంచెం కొంచెం పెరుగుతుంది. దీన్ని లోహశ్రాంతి అంటారు. వేడి ఎక్కడిది? మన చేయి చేసిన పని వేడిగా మారింది. ఆ వేడి తీగలోంచి గాలిలోకి ఎలా పోతుందో చెప్పేది ఉష్ణ ప్రసారం. మీటితే ఎందుకు ఊగింది? అది చెప్పేది కంపనాల శాస్త్రం. చూశారా, ఒక్క తీగముక్కలో మూడు పాఠ్యాంశాలు!

ఇవి పరీక్షల కోసమే పుట్టినవి కావు. కామెట్ అనే తొలి జెట్ ప్రయాణికుల విమానం 1952లో సర్వీసులోకి వచ్చింది. 1954లో అలాంటివి రెండు ఆకాశంలోనే విచ్చిపోయి, 56 మంది మరణించారు. విమానం పైకి లేచినప్పుడల్లా లోపలి గాలి ఒత్తిడికి దాని గోడ ఉబ్బుతుంది, దిగినప్పుడు సడలుతుంది. ఒక్కసారికైతే ఆ గోడ తట్టుకోగలదు. మళ్లీ మళ్లీ జరిగేసరికి పగులు పెరిగింది. ఒక విమానాన్ని నీళ్లతొట్టిలో ఉంచి, పదే పదే ఒత్తిడి పెట్టి చూసి ఈ సంగతి తేల్చారు. "ఎంత బరువు మోస్తుంది?" అన్నది అందరూ చదివే ప్రశ్న. "ఎన్నిసార్లు మోస్తుంది?" అన్నది ఆపై ప్రశ్న. ఎలక్టివ్‌లు ఇలాంటి ఆపై ప్రశ్నలకే.

మార్కుల గురించి వాడి భయం కొట్టిపారేయదగింది కాదు. అందుకే వాడికి మూడు సంగతులు చెప్పాను. మొదటిది, దానికి కావలసిన పునాది నీకుందా చూసుకో. అవకలన సమీకరణాలు రానివాడికి ఉష్ణ ప్రసారం కొరుకుడుపడదు. పునాది ఉంటే కష్టమైన పాఠంలోనూ మార్కులొస్తాయి. రెండోది, ఒకదానికొకటి తోడయ్యేవి తీసుకో. యంత్రభాగంలో ఎక్కడ ఒత్తిడి ఎక్కువో కంప్యూటరు మీద లెక్కగట్టే పాఠం లోహశ్రాంతికి మంచి జత. మూడోది, నిన్ను వదలని ప్రశ్న ఏదో చూసుకో.

వాడు కాసేపు ఆలోచించి, "తీగ ఎందుకు తెగిందన్నదే నా ప్రశ్న మాస్టారూ. పదార్థ బలంలో నాకు మార్కులు బాగానే వచ్చాయి కూడా" అన్నాడు. కాగితం మీద లోహశ్రాంతి ఎదుట టిక్కు పెట్టాడు.

మీకింకా ఆ కాగితం రాలేదు. అయినా సైకిలు, కుట్టుమిషను, నీళ్ల పంపు మీ ఎదుటే ఉన్నాయి. ఒక్కోదాన్ని చూసి మూడేసి ప్రశ్నలు నోటుపుస్తకంలో రాసుకోండి. ఎంచుకోవడం అక్కడే మొదలవుతుంది.