పేపర్‌లో ఉంది కదా అంటే సరిపోదు: నర్సులకి రీసెర్చ్ చదవడం ఎలా నేర్పాలి?

హాస్పిటల్‌లో అడ్మిట్ అయితే సెలైన్ ఎక్కించడానికి చేతికి సూది పెడతారు కదా. నిజానికి లోపల ఉండిపోయేది సూది కాదు, సన్నటి ప్లాస్టిక్ గొట్టం. దాని పేరు కాన్యులా. ఈరోజు ఆ చిన్న గొట్టంతో ఒక పెద్ద విషయం మాట్లాడుకుందాం.

చాలా హాస్పిటల్స్‌లో ఏళ్ల తరబడి ఒక రూల్ నడిచింది. కాన్యులా బాగానే పనిచేస్తున్నా సరే, మూడు నాలుగు రోజులకోసారి తీసేసి ఇంకోచోట కొత్తది పెట్టాలి. ఎక్కువ రోజులు ఉంచితే నరం వాస్తుందని, ఇన్ఫెక్షన్ వస్తుందని భయం. వింటే కరెక్టే అనిపిస్తుంది. కానీ నరమే దొరకని ఒక పెద్దావిడకి మళ్లీ మళ్లీ గుచ్చాలంటే? ఆ నొప్పి ఆవిడది, గుచ్చే చెయ్యి సిస్టర్‌ది. మరి "ఇది నిజంగా అవసరమా?" అని అడగాల్సింది ఎవరు? సిస్టరే కదా.

అడిగారు కూడా. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో నర్సింగ్ ప్రొఫెసర్ క్లేర్ రికార్డ్ టీమ్ మూడు హాస్పిటల్స్‌లో 3,283 మంది పేషెంట్లతో ఒక ట్రయల్ చేసింది. 2012లో అది లాన్సెట్ జర్నల్‌లో వచ్చింది. ఒక గ్రూపుకి మూడు రోజులకోసారి మార్చారు. ఇంకో గ్రూపుకి అవసరం పడితేనే మార్చారు.

ఇప్పుడు ఈ పేపర్‌ని ఒక నర్సు చేతిలో పెట్టామనుకోండి. ఏం చూడాలి? నేనైతే ఐదు ప్రశ్నలు నేర్పుతా.

ఒకటి. ఎవరి మీద చేశారు, దేన్ని దేనితో పోల్చారు, ఏం కొలిచారు? ఇక్కడ పెద్దవాళ్ల మీద చేశారు. ముఖ్యంగా కొలిచింది నరం వాపు. అంటే ఈ పేపర్ పట్టుకుని పసిపిల్లల వార్డులో రూల్ మార్చలేం.

రెండు. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలో ఎలా తేల్చారు? ఇక్కడ కంప్యూటర్ తేల్చింది, చిట్టీలు తీసినట్టు. మనం యాప్‌లో ఏ/బీ టెస్ట్ చేస్తాం చూడండి, అదే లాజిక్. డాక్టరే ఎంచుకుంటే, బాగా ఉన్నవాళ్లంతా ఒకే వైపు చేరిపోవచ్చు.

మూడు. ఎవరు ఏ గ్రూపో ఎవరికి తెలుసు? ఇక్కడ పేషెంట్లకీ, నర్సులకీ తెలుసు. కాన్యులా మారుస్తుంటే దాచడం కుదరదు కదా. కాబట్టి "ఇది వాపేనా?" అని నిర్ణయించేటప్పుడు మనసు కొంచెం ఒకవైపు మొగ్గే అవకాశం ఉంది. అంతమాత్రాన పేపర్ చెత్త అని కాదు, ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవాలి అంతే.

నాలుగు. అసలు నంబర్ ఎంత? అవసరం పడితేనే మార్చిన 1,593 మందిలో 114 మందికి నరం వాచింది. రొటీన్‌గా మార్చిన 1,690 మందిలోనూ 114 మందికే. రెండు వైపులా దాదాపు 7 శాతం. "రిస్క్ డబుల్ అయింది" లాంటి హెడ్డింగ్ కనిపిస్తే కూడా ఇదే పని చెయ్యాలి. వెయ్యిలో ఒకరు ఇద్దరయ్యారా, వందలో ఇరవై మంది నలభై అయ్యారా? రెండూ డబులే, కానీ వార్డులో రెండూ ఒకటి కాదు.

ఇక్కడితో ఆగితే "సూపర్, రూల్ తీసేద్దాం" అనేస్తాం. అందుకే ఐదో ప్రశ్న. ఈ స్టడీకి కనిపించనిది ఏంటి?

నరం వాపు తరచుగా వచ్చేది. రక్తంలోకి ఇన్ఫెక్షన్ ఎక్కడం చాలా అరుదు, కానీ ప్రాణం మీదకి తెస్తుంది. అంత అరుదైనదాన్ని పట్టుకోవడానికి మూడు వేల మంది చాలరు. పది మంది యూజర్లతో టెస్ట్ చేసి "బగ్ లేదు" అంటే ఒప్పుకుంటామా?

స్విట్జర్లాండ్‌లోని జెనీవా హాస్పిటల్స్‌లో 4 లక్షలకు పైగా కాన్యులాల రికార్డులు చూశారు. ఆ స్టడీ 2021లో వచ్చింది. రొటీన్‌గా మార్చడం ఆపేశాక రక్తంలో ఇన్ఫెక్షన్లు పెరిగాయి. మళ్లీ పాత పద్ధతికి వెళ్తే తగ్గాయి. అయితే ఇందులో చిట్టీలు లేవు, ముందూ తర్వాతా పోల్చారు. ఆ టైమ్‌లో ఇంకేదైనా కూడా మారి ఉండొచ్చు.

చూశారా, ఒక పేపర్ బలం ఇంకో పేపర్‌కి బలహీనత. ఇప్పుడు నర్సు తన వార్డు వైపు తిరిగి అడగాలి. మన దగ్గర షిఫ్ట్‌కి ఎంతమంది పేషెంట్లు? ప్రతి చేతినీ రోజుకి ఎన్నిసార్లు చూడగలం? చూసేవాళ్లే లేకపోతే "అవసరమైతే మారుద్దాం" అన్నది కాస్తా "మర్చిపోదాం" అయిపోతుంది.

మన బీఎస్సీ నర్సింగ్‌లో నర్సింగ్ రీసెర్చ్, స్టాటిస్టిక్స్ సబ్జెక్ట్ ఉంది. డెఫినిషన్లు బట్టీ కొడితే మార్కులు వస్తాయేమో గానీ ఈ ఐదు ప్రశ్నలు రావు. నా ఉద్దేశంలో క్లాస్ మొదలవ్వాల్సింది వార్డులో పుట్టిన డౌట్‌తో. నెలకి ఒక పేపర్, ఒక గంట, ఒక చెక్‌లిస్ట్ చాలు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన కాస్ప్ అనే ప్రోగ్రామ్ ఇలాంటి చెక్‌లిస్టులు ఫ్రీగా ఇస్తోంది. సీనియర్ సిస్టర్, స్టూడెంట్, కుదిరితే డాక్టర్ కూడా కూర్చోవాలి. "మేడమ్, ఈ నంబర్ నాకు అర్థం కాలేదు" అని జూనియర్ ధైర్యంగా అడగగలిగితే, ఆ క్లాస్ సక్సెస్ అయినట్టే.

ఒక్క మాట. ఈ వీడియో చూసి "నాకు కాన్యులా మార్చొద్దు" అని గొడవ పడకండి ప్లీజ్. మీ హాస్పిటల్ వాళ్లు చెప్పిందే వినండి. కానీ అక్కడ నొప్పి, ఎరుపు, వాపు ఏది కనిపించినా వెంటనే సిస్టర్‌కి చెప్పండి. మీ ఫ్యామిలీలో నర్సింగ్ చదివే అక్కో చెల్లో ఉంటే ఈ ఐదు ప్రశ్నలూ వాళ్లకి పంపండి. వాళ్ల వార్డులో "ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నాం" అనే రూల్ ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయమనండి. మళ్లీ కలుద్దాం.