దారి చూపు పటములు

నేడు బండి నడపువారి యెదుట ఫోనులో వెలుగుచుండు పటము చూచుటకు ఒక్కటే గాని, నిజమున కది పలు పటముల కూడిక. వాని భేదము తెలిసినగాని దానిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలియదు.

ఉపగ్రహము తీసిన ఛాయాచిత్రమువంటిది బొమ్మపటము. అందు చెరువును, పొలమును మన కన్ను గుర్తించును. యంత్రమునకు మాత్రము అవి వట్టి రంగుచుక్కలు. గీతలపట మట్లు కాదు. ప్రతి వీధియు అక్షాంశ రేఖాంశములతో నిలిపిన బిందువులను కలుపు గీత. ఎంత పెద్దది చేసి చూచినను అది చెదరదు.

దారిని లెక్కించుటకు వేరొక పటము కావలెను. వాకిట మీరు పెట్టు చుక్కలముగ్గును తలచుకొనుడు. చుక్కలు కూడళ్లు, గీతలు వీధులు. ప్రతి గీతకును దూరమో, పట్టు కాలమో వ్రాసి యుండును. అన్నిటికంటె తక్కువ మొత్తముతో గమ్యము చేరు విధమును హాలండు దేశీయుడగు డైక్‌స్ట్రా 1956లో ఊహించి 1959లో ప్రకటించెను. ఆమ్‌స్టర్‌డాములో కాబోవు భార్యతో అంగళ్లు తిరిగి యలసి, కాఫీ త్రాగుచు, కలము కాగితము లేకయే ఇరువది నిమిషములలో దానిని కనుగొంటినని యాతడే చెప్పెను. ఆడువారితో అంగళ్లకు పోవుట కాలహరణమను పురుషులు దీనిని గమనింతురు గాక!

వీధులపై కనబడు ఎరుపు, పచ్చ రంగులు రద్దీపటమువి. దారిని పోవువారి ఫోనుల వేగమునుబట్టి అవి మారుచుండును. లారీలకు మరియొక పటము. వంతెనల యెత్తు, మోయగల బరువు అందు చేరియుండవలెను. ఫోనులో ముందే దాచుకొన్న పటము సంకేతములు అందనిచోట దారి చూపును గాని, అప్పటి రద్దీని చూపజాలదు.

ఇక ముగ్గులో లేని గీత యొకటి మిగిలిపోయిన నేమగును? 2024 నవంబరులో ఉత్తరప్రదేశమునందలి బరేలీ ప్రాంతమున, ఫోను చూపిన దారిని పోయిన కారు సగము కొట్టుకొనిపోయిన వంతెనపైనుండి రామగంగలో పడి ముగ్గురు మరణించిరి. వరదకు వంతెన తెగిన సంగతి పటమున కెక్కలేదని పత్రికలు వ్రాసినవి. దారికి అడ్డుగా తగిన కట్టడియు లేదట. కావున రాత్రివేళ క్రొత్త త్రోవను పోవు మనవారిని, దారిలోని యూరివారి నొకమా రడిగి కదలుడని చెప్పుట మంచిది.

పటమును దిద్దు పని నిపుణులకే చెల్లునని తలపకుడు. 2004లో ఆంగ్లదేశమున ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను పటమును లోకములోని సామాన్యజనులే గీయుచున్నారు. మీ వీధి అందు లేకున్న మీరే చేర్పవచ్చును. రుసు మేమియు లేదు.