కొలబద్ద సరే, కాసులేవీ?

2015లో పారిస్‌లో ప్రపంచ దేశాలు పేదలకు ముఖ్యమైన రెండు మాటలిచ్చాయి. భూతాపాన్ని 2 డిగ్రీలకు బాగా లోపే, వీలైతే 1.5 డిగ్రీలకే కట్టడి చేస్తామన్నది మొదటిది. అది అందరి నోళ్లలో నానింది. ముంచుకొచ్చే వరదను, ఎండను, కరవును తట్టుకుని జనం బతికేలా సన్నద్ధం చేస్తామన్నది రెండోది. ఆఫ్రికా దేశాలు పట్టుబట్టగా ఒప్పందంలోని ఏడో అధికరణంలోకి ఎక్కిన ఈ ఉమ్మడి లక్ష్యానికి అంకె లేదు, కొలమానం లేదు. ఆ కొలమానం కోసమే పదేళ్లు గడిచాయి.

కర్బన ఉద్గారాలనైతే టన్నుల్లో లెక్కగట్టవచ్చు. తట్టుకునే శక్తిని దేనితో కొలవాలి? మన కోస్తానే చూడండి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను పొట్టనపెట్టుకుంది. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటేనాటికి హెచ్చరికలు ముందే అందాయి, వేల మంది పునరావాస కేంద్రాలకు చేరారు. ప్రాణనష్టం లెక్కన ఇది నిస్సందేహంగా విజయమే. మరి నేలకొరిగిన వరి చేను మాటేమిటి? అది కౌలు రైతు సాగుచేసిన చేనైతే నష్టపరిహారం ఎవరి చేతికి అందుతుంది? ప్రాణాలు దక్కినంత మాత్రాన ఆ కుటుంబం తుపానును తట్టుకున్నట్టు కాదు.

2023లో దుబాయ్ వాతావరణ సదస్సులో ఎట్టకేలకు నీరు, ఆహారం, ఆరోగ్యం, పేదరికం వంటి అంశాలపై 11 లక్ష్యాలు ఖరారయ్యాయి. వాటి అమలును కొలిచేందుకు వచ్చిన వేల ప్రతిపాదనలను నిపుణులు జల్లెడ పట్టి వంద సూచికలకు కుదించారు. ఆ జాబితా 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలెం సదస్సు ముందుకొచ్చింది. అక్కడ ఇంకో రెండేళ్లు ఆగుదామన్నది ఎవరో కాదు, ఈ లక్ష్యం కోసం మొదట గళమెత్తిన ఆఫ్రికా దేశాలే!

వాళ్ల భయం న్యాయమైనదే. సొంత బడ్జెట్‌లో ఎంత ఖర్చు పెడుతున్నారని అడిగే సూచికలూ అందులో ఉన్నాయి. అప్పుల వడ్డీలకే ఖజానా ఖాళీ అవుతున్న దేశం ఏమని జవాబివ్వాలి? ఉద్గారాల్లో తమ వాటా నామమాత్రమైనా, రేపు మార్కులు తక్కువొస్తే తప్పు తమదే అవుతుంది. చివరకు 59 సూచికలతో సరిపెట్టారు. ఇవి స్వచ్ఛందమని, దేశాలను పోల్చడానికి గానీ సాయానికి షరతుగా గానీ వాడకూడదని రాసుకున్నారు. కొలవడానికే వీలుకాని సూచికలు చేర్చారంటూ లాటిన్ అమెరికా దేశాలు, ఐరోపా సమాఖ్య అభ్యంతరం చెప్పడంతో ముగింపు సభ కాసేపు ఆగిపోయింది.

అసలు పేచీ డబ్బు దగ్గరే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కల ప్రకారం 2035 నాటికి వర్ధమాన దేశాలకు ఈ సన్నద్ధత కోసం ఏటా 31,000 నుంచి 36,500 కోట్ల డాలర్లు కావాలి. 2023లో వాటికి అందిన అంతర్జాతీయ ప్రభుత్వ సాయం 2,600 కోట్ల డాలర్లు, అంతకుముందు ఏడాది కన్నా తక్కువ! సాయాన్ని 2030కల్లా మూడింతలు చేయమని పేద దేశాలు కోరితే, బెలెంలో గడువు 2035కు జరిగింది. ఎంతకు మూడింతలో స్పష్టంగా చెప్పనేలేదు. ఇవ్వాల్సినవాళ్ల బాధ్యతను ఇంత వదులుగా రాసి, పుచ్చుకునేవాళ్ల పనితీరుకు కొలబద్ద పట్టడం అన్యాయం.

సూచికలకు మెరుగులు దిద్దే పని 2027లో ఆడిస్ అబాబాలో జరిగే సదస్సు దాకా సాగుతుంది. విపత్తుల ముందస్తు హెచ్చరికల వ్యవస్థను ప్రతి దేశమూ ఏర్పాటు చేసుకోవాలని దుబాయ్‌లో పెట్టుకున్న గడువు కూడా 2027తోనే ముగుస్తుంది.