ఏ చెంచా?

ఇవాళ ఒక్క మాట గురించే చెప్పుకుందాం. ఆ మాట 'సందిగ్ధం'. వార్తల్లో వింటూంటాం, నవలల్లో చదువుతూంటాం. అర్థమేమిటమ్మా అని పిల్లలు అడిగితే 'అస్పష్టం' అని చెప్పి వూరుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. కాని ఈ రెండూ అచ్చంగా ఒకటి కావు సుమండీ.

పొగమంచులో ఎదురుగా వచ్చే మనిషి ఎవరో ఆనవాలు తెలియకపోతే అది అస్పష్టం. రేడియో గరగరలాడి మాట వినపడకపోతే అదీ అస్పష్టమే. సందిగ్ధం అలా కాదు. మాట చక్కగా వినపడుతుంది, ప్రతి అక్షరమూ తెలుస్తుంది. అయితే దానికి రెండర్థాలు కుదురుతాయి. చెప్పినవారి మనసులో వున్నదేదో తేలదు. 'పాత బట్టల బీరువా అమ్మేశాం' అన్నారనుకోండి. పాతవి బట్టలా, పాతది బీరువాయా?

సంస్కృతంలో 'దిగ్ధం' అంటే పులిమినది, పూసినది. ముగ్గు మీద చెయ్యి పడితే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి చూడండి, అలాంటిదన్నమాట. మనందరికీ తెలిసిన 'సందేహం' కూడా ఆ ధాతువులోంచి పుట్టిందే. మాట సందిగ్ధంగా వుంటే వినేవారికి సందేహం కలుగుతుంది. ఇక 'అయోమయం' సంగతి మరీ తమాషా. సంస్కృతంలో దానికి ఇనుముతో చేసినదని అర్థం. తెలుగులో మాత్రం ఏమీ తోచని స్థితికి వాడుతున్నాం.

వ్రాసేటప్పుడు 'గ'కు ధ వత్తు ఇవ్వాలి, ద వత్తు కాదు. 'సందిగ్ధంగా చెప్పాడు', 'సందిగ్ధమైన జవాబు', 'సందిగ్ధంలో పడ్డాను' అని వాడుకోవచ్చు. తిరుగులేకుండా ఒకే అర్థం వచ్చేట్టు చెబితే 'అసందిగ్ధంగా' చెప్పినట్టు.

పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యంతో రామకథా భారతకథా రెండూ నడిపిస్తే ఆహా అనుకుంటాం. అది కావాలని చేసిన నేర్పు. ఆ నేర్పు ఇంటి చీటీల్లోకి రాకూడదని నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

మా చిన్నవాడికి దగ్గు. నేను పెళ్ళికి వెళుతూ 'మధ్యాహ్నం మందు ఒక చెంచా పట్టండి' అని చీటీ వ్రాసి సీసా కింద పెట్టాను. వచ్చేసరికి సాయంత్రమైంది. వాడు ఒకటే మగతగా పడుకుని వున్నాడు, లేపితే కళ్ళు తెరిచి మళ్ళీ మూస్తున్నాడు. నా గుండె జారిపోయింది. 'చెంచా అని వ్రాశావుగా, చెంచాతోనే పట్టానమ్మా' అన్నారు అత్తయ్యగారు. ఆవిడ చూపించినది మేము కూర వడ్డించుకునే పెద్ద చెంచా! టీ చెంచాకు 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచాకు 15. మూడింతల మందు పడిందన్నమాట. డాక్టరుగారు పరీక్షించి, రాత్రంతా కనిపెట్టి వుండమన్నారు. తెల్లారేసరికి వాడు లేచి ఇడ్లీ అడిగాడు. నేను మాత్రం ఆ రాత్రి కన్ను మూయలేదు. అత్తయ్యగారి తప్పేముంది? నా చీటీయే సందిగ్ధం.

విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇంట్లో కలిపే ఉప్పు పంచదార నీళ్ళకూ ఇదే చిక్కు. కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్ళకు టీ చెంచాతో పంచదార 6, ఉప్పు అర చెంచా. అదైనా అంచుకు సమంగా, గుట్టగా కాదు. 'ఆరు చెంచాలు, అర చెంచా' అని వూరికే చెబితే పెద్ద చెంచాతో కలిపేవారూ వుంటారు. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ప్రమాదం. దుకాణంలో దొరికే పొట్లమైనా ఎన్ని నీళ్ళలో కలపాలో దాని మీద చదివి కలపాలి.

ఇప్పుడు సీసాకు కాగితం అంటించి, '5 మి.లీ., సీసాతో వచ్చిన మూత గీత దాకా, ఉదయం 8, రాత్రి 8' అని వ్రాస్తున్నాను. మొన్న అది చూపిస్తే అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, 'బాగానే వుంది. అన్నానికి ముందా, తర్వాతా?' అన్నారు.