ల్యాప్‌టాప్ నిస్తంత్రి మూగవోయినప్పుడు

ఇంటిలోని రేడియో పలుకకున్నచో దానిని వెంటనే మరమ్మతు దుకాణమునకు మోసికొనిపోము. విద్యుత్తు వచ్చుచున్నదా, మీట వేసియున్నదా, ముల్లు సరియైన స్థానమున నున్నదా యని వరుసగా చూతుము. ల్యాప్‌టాప్‌లో వైఫై నిలిచిపోయినప్పుడు మాత్రము ఈ ఓపిక మనలో పెక్కురకు ఉండదు. ప్రవేశపరీక్ష దరఖాస్తుకు అది తుది దినమై యుండవచ్చును. విదేశమున నున్న బిడ్డతో మాటాడు వేళయై యుండవచ్చును. ఆ తొందరలో, "కార్డు కాలిపోయినది" అని ఎవరో అనుటయు, యంత్రమును దుకాణమున కప్పగించుటయు, అచట సమస్తమును తుడిచి విండోస్‌ను క్రొత్తగా ఎక్కించుటయు జరుగుచుండును. దానితో ఇంటివారి ఫొటోలును, పత్రములును కూడ పోవును. అయితే కార్డు చెడకుండగనే వైఫై నిలిచిపోవుట కలదు. అట్టి వేళ లోపము కార్డునకును విండోస్‌కును నడుమ నిలిచిన దుబాసియందుండును.

ఆ దుబాసి ఎవరో ముందుగా తెలిసికొందము. వైఫై కూడ రేడియోయే. హైదరాబాదు ఆకాశవాణి మధ్యమ తరంగములపై 738 కిలోహెర్ట్‌జుల వద్ద వినిపించుచు వచ్చినది. ఆ తరంగము పొడవు సుమారు 406 మీటర్లు. ఇంటి వైఫై 2.4 లేదా 5 గిగాహెర్ట్‌జుల వద్ద పనిచేయును; ఆ తరంగముల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 6 సెంటీమీటర్లు మాత్రమే. కనుకనే దాని ఏరియల్ ల్యాప్‌టాప్ మూత అంచులో ఇమిడిపోగలదు. పంపుటకును, అందుకొనుటకును కావలసిన సాధనమంతయు ఒక చిన్న కార్డుపై నుండును. నేటి ల్యాప్‌టాప్‌లు పెక్కింటిలో ఆ కార్డు వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 30 మిల్లీమీటర్లు.

ఈ కార్డు రూటరుతో మాటాడు పద్ధతికి 1997లో 802.11 అను సంఖ్యతో ఒక నియమావళి ఏర్పడినది. అందుచే ఏ కంపెనీ కార్డైనను ఏ కంపెనీ రూటరుతోనైనను మాటాడగలదు. కాని కార్డునకును, ల్యాప్‌టాప్‌ను నడుపు విండోస్‌కును నడుమ అట్టి ఉమ్మడి భాష లేదు. ఒక్కొక్క తయారీదారు కార్డునకు ఒక్కొక్క భాష. ఆ భాషను విండోస్‌కు తెలియజెప్పు ప్రోగ్రామునకే డ్రైవరు అని పేరు. అది లేకున్నను, చెడినను, వేరొక కార్డునకు చెందినదైనను, మంచి కార్డు కూడ మూగవోవును.

ఇక పరీక్షించు క్రమము. మొదట ఇంటిలోని ఫోనునకు అదే వైఫై అందుచున్నదా యని చూడవలెను. అందుచున్నచో రూటరు మంచిదే. పిమ్మట ల్యాప్‌టాప్‌లో విమాన చిహ్నముగల మోడ్ వేసియున్నదేమో చూడవలెను. మీటల పలకపై చేయి తగిలినను అది పడును. అటుపిమ్మట యంత్రమును "రీస్టార్ట్" చేయవలెను. కట్టివేసి మరల తెరచుట దీనికి సాటి కాదు. 2012లో విండోస్ 8తో వచ్చిన "ఫాస్ట్ స్టార్టప్" ఏర్పాటు వలన, యంత్రమును కట్టునప్పుడు డ్రైవర్ల స్థితి డిస్కుపై భద్రమై, తెరచినప్పుడు ఉన్నదున్నట్లు తిరిగి వచ్చును. దానితోపాటు లోపము కూడ తిరిగి వచ్చును. రీస్టార్ట్ చేసినప్పుడే అన్నియు మొదటినుండి మొదలగును.

ఇంతటితో కుదురకున్నచో, విండోస్ గుర్తుగల మీటను పట్టి ఎక్స్ మీట నొక్కి, వచ్చిన పట్టికలో "డివైస్ మేనేజర్"ను తెరువవలెను. యంత్రములోని సాధనములన్నిటి జాబితా అచట నుండును. "నెట్‌వర్క్ అడాప్టర్స్" అను శీర్షిక క్రింద వైఫై కార్డు పేరు కనబడవలెను. పేరుండి ఏదైన గుర్తు పడియున్నచో, దానిపై మౌస్ కుడి మీట నొక్కి "ప్రాపర్టీస్" చూచిన ఒక సంఖ్య కనబడును. 22 అయినచో సాధనమును ఎవరో ఆపివేసినారు. "ఎనేబుల్" అన్న చాలును. 28 అయినచో డ్రైవరు లేదు. 10 అయినచో సాధనము మొదలు కాలేకున్నది; డ్రైవరును మార్చి చూడవలెను.

నిన్నటివరకు పనిచేసి, విండోస్ అప్‌డేట్ వచ్చిన పిమ్మట నిలిచినచో, అదే ప్రాపర్టీస్‌లో "డ్రైవర్" పుటయందలి "రోల్ బ్యాక్" మీట పాత డ్రైవరును తిరిగి తెచ్చును. ఆ మీట వెలుగనిచో, "అన్‌ఇన్‌స్టాల్" చేసి రీస్టార్ట్ చేసిన విండోస్ తనవద్దనున్న ప్రతిని మరల పెట్టుకొనును. ఇచట ఒక జాగ్రత్త కలదు. డ్రైవరును కూడ చెరిపివేయుదునా యని అడుగు గడిలో, క్రొత్త డ్రైవరు చేతిలో లేనిదే గుర్తు పెట్టరాదు.

కార్డు పేరే లేక, "అదర్ డివైసెస్" క్రింద "నెట్‌వర్క్ కంట్రోలర్" అని మాత్రమే యున్నచో, కార్డు ఉన్నదనియు, దుబాసి లేడనియు అర్థము. దాని ప్రాపర్టీస్‌లో "డీటెయిల్స్" పుట తెరచి "హార్డ్‌వేర్ ఐడీస్" చూచిన, "వెన్" అను అక్షరముల తరువాత తయారీదారు సంఖ్య యుండును. 8086 ఇంటెల్; 10ఇసి రియల్‌టెక్; 14సి3 మీడియాటెక్; 14ఇ4 బ్రాడ్‌కామ్; 168సి క్వాల్‌కామ్ ఏథెరోస్. పేరు చెప్పుకొనలేని కార్డైనను ఈ సంఖ్యను దాచలేదు.

ఇపుడు కావలసిన డ్రైవరు ఇంటర్నెట్టునందున్నది. ఇంటర్నెట్టునకు పోవుటకు డ్రైవరు కావలెను. పిచ్చి కుదిరినగాని పెండ్లి కుదురదు, పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదురదు అను సామెత ఇచట సరిగా సరిపోవును. అయినను దారులు మూడు కలవు. ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగు తీగతో ల్యాప్‌టాప్‌నకు కలిపి, ఫోను సెట్టింగులలో "యూఎస్‌బీ టెథరింగ్" వేసినచో, వైఫై డ్రైవరు లేకయే ఇంటర్నెట్టు వచ్చును. రూటరునుండి ల్యాను తీగ కలుపుట రెండవ దారి. వేరొక కంప్యూటరులో డ్రైవరును దింపుకొని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుట మూడవది. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటులో, యంత్రము అడుగున ముద్రించిన మోడల్ సంఖ్యను బట్టి డ్రైవరు దొరకును. దానికి వెల యుండదు. "మీ డ్రైవర్లన్నియు మేమే సరిచేయుదుము" అను ప్రకటనల జోలికి పోరాదు. వాటితో అక్కరలేని ప్రోగ్రాములును, ఒక్కొక్కప్పుడు హానికరమైనవియు లోనికి చొరబడును.

డివైస్ మేనేజర్‌లో ఏ జాడయు లేనిచో, యంత్రమును కట్టి, చార్జరు తీసి, పవర్ మీటను 30 సెకనులు నొక్కిపట్టి మరల తెరువవలెను. లోపల నిలిచియున్న విద్యుత్తు పోయిన పిమ్మట కార్డు తిరిగి కనబడుట కలదు. అప్పటికిని కనబడకున్నచో కార్డునే శంకింపవచ్చును. యూఎస్‌బీ రంధ్రములో పెట్టు చిన్న వైఫై సాధనమును ఎరువు తెచ్చి చూచిన, మిగిలినదంతయు బాగున్నదో లేదో తేలును.

విండోస్ 10కి మైక్రోసాఫ్టు ఇచ్చు సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. అందుచే ఉన్న యంత్రముపైననే విండోస్ 11 ఎక్కింపదలచు గృహస్థులకు మా విన్నపమొకటి. విండోస్ 11 హోమ్ తొలి ఏర్పాటులోనే ఇంటర్నెట్టును అడుగును. వైఫై డ్రైవరు లేనిచో పని అచటనే ఆగును. కావున పాత విండోస్ నడచుచుండగనే ఫొటోలను, పత్రములను వేరొక డిస్కునకు ఎక్కించి, వైఫై డ్రైవరును పెన్‌డ్రైవ్‌లో దాచి, దానిపై మోడల్ సంఖ్య వ్రాసిన చీటి అంటించి యుంచవలెను. దుకాణమునకు పోవలసివచ్చినను ఆ పెన్‌డ్రైవ్‌ను, డివైస్ మేనేజర్ చూపిన సంఖ్యను వెంట తీసికొని పొండు. లోపమెచట నున్నదో తెలిసికొని పోయినవారికి, సమస్తమును తుడువవలెనన్నప్పుడు ఎందులకని అడుగుటకు వీలుండును.